పిట్టకథలో పిట్ట ఎక్కడ?

సందేహం: మా నాయనమ్మ ఏ విషయం మొదలుపెట్టినా మధ్యలో ఆగి “దీనికో పిట్టకథ ఉందర్రా” అనేది. ఆ కథల్లో ఎప్పుడూ పిట్టలుండేవి కావు. మరి ఆ పేరెలా వచ్చింది? ఉపకథ అన్నా, పిట్టకథ అన్నా ఒకటేనా?

సమాధానం: పిట్ట లేకపోయినా నాయనమ్మ మాటలో తప్పేమీ లేదు. మీ ఇంటి డాబా చుట్టూ ఉన్న పిట్టగోడలో మాత్రం పిట్ట ఉందా? ‘పిట్టలు వాలే గోడ కాబట్టి పిట్టగోడ’ అని ఒకాయన నాతో గట్టిగా వాదించాడు. పిట్టలు కరెంటు తీగ మీదా వాల్తాయి, దాన్ని పిట్టతీగ అనం కదా అంటే ఊరుకున్నాడు. పిట్టగోడ అంటే పొట్టిగోడ. పిట్టకథ అంటే పొట్టికథ.

అసలు ‘పిట్ట’ అనే మాటలోనే చిన్నతనం ఉంది. తేనెపిట్ట, లకుముకిపిట్ట, పాలపిట్ట, వడ్రంగిపిట్ట అంటాం గాని, గద్దపిట్ట, రాబందుపిట్ట అని ఎవరూ అనరు. పక్షి అన్నది జాతి మొత్తానికీ పేరు. పిట్ట అందులో చిన్నది. ‘పిట్ట కొంచెం కూత ఘనం’, ‘పిట్టంత మనిషి’ అనడంలోనూ ఆ కొలతే కనిపిస్తుంది. ఈ మాట తెలుగు దాటి పక్షిశాస్త్రంలోకీ వెళ్లింది. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియెయో ఒక రంగురంగుల పక్షుల ప్రజాతికి ‘పిట్టా’ అని పేరుపెట్టాడు. అది మన పిట్టే.

చిలుక కథలు చెప్పే శుకసప్తతి నుంచి ఈ మాట పుట్టిందనేవారు కూడా ఉన్నారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ కథలు పిట్టకథలంత పొట్టివి కావు, పిట్టగోడకు ఆ వివరణ పనికిరాదు. అందుకే నాకు ఒప్పుదల లేదు.

పొట్టికథకు నవ్వు ఎలా తోడైందంటారా? అందులో హరికథకుల చెయ్యి పెద్దది. రాత్రి పొద్దుపోయేదాకా కథ సాగుతుంది, ముందు వరసలో తలలు వాలుతుంటాయి. అప్పుడు దాసుగారు చిరతలు ఆపి, అసలు కథ పక్కనబెట్టి, ఇలాంటిదొకటి అందుకుంటారు:

ఒకాయన పురాణం చెబుతుంటే మూలన కూర్చున్న ముసలమ్మ వెక్కివెక్కి ఏడుస్తోందిట. ఆయన పొంగిపోయి “సీతమ్మ కష్టాలు తల్చుకునా అమ్మా?” అనడిగాడు. “కాదు బాబూ, చచ్చిపోయిన మా మేకపోతుకి అచ్చం నీలాంటి గడ్డమే. నువ్వు మాట్లాడుతుంటే అదే ఊగుతోంది” అందిట.

పందిరంతా ఘొల్లుమంటుంది, నిద్ర ఎగిరిపోతుంది, దాసుగారు మళ్లీ అశోకవనంలోకి వెళ్తారు. పిట్టకథ చేసే పని ఇదే. అందుకే దాన్ని ఊరికే చెప్పరు, దేనికో ఒకదానికి ఆనించి చెబుతారు. మీ నాయనమ్మ ‘దీనికో’ అన్నది చూశారా, ఆ మాటలోనే ఉంది కిటుకంతా.

ఉపకథ సంగతి వేరు. అరణ్యపర్వంలో ధర్మరాజుకి బృహదశ్వుడు చెప్పిన నలుడి కథ ఉపాఖ్యానం, అంటే ఉపకథే. అది చిన్నదీ కాదు, నవ్వించేదీ కాదు. దాన్ని పిట్టకథ అంటే నలుడు నొచ్చుకుంటాడు. పిట్టకథలన్నీ ఒకరకంగా ఉపకథలే గాని, ఉపకథలన్నీ పిట్టకథలు కావు. అలాగే పత్రికల్లో వచ్చే పేజీడు కథలన్నిటినీ ఈమధ్య పిట్టకథలంటున్నారు. ఏ ప్రసంగానికీ ఆనకుండా ఒంటరిగా నిలబడే రచనకు కథానిక అన్న పేరుంది, చాలు.

‘పిట్ట’ తెలుగు, ‘కథ’ సంస్కృతం కదా, ఈ కలయిక దోషమేమోనని మీకు అనుమానం రావచ్చు. వ్యాకరణకర్త చిన్నయసూరి సమాసాల్లో సాంస్కృతికం (సంస్కృతపదాలది), ఆచ్ఛికం (తెలుగుపదాలది) అనే వాటితో పాటు, రెండూ కలిసిన మిశ్రం కూడా చెప్పాడు. కాబట్టి నిశ్చింతగా వాడండి. ‘పిట్టకత’ అని పలికినా, రాసినా నేను దిద్దను.

ఇక “పిట్టకథలు చెప్పకు” అని కసురుకుంటారే, అక్కడ అర్థం మారుతుంది. అసలు విషయం దాటేసి పక్కదారి పట్టించకు అని. అచ్చంగా నమ్మరాని మాటలైతే వాటికి వేరే పేరుంది, కాకమ్మ కథలు. వాటిలో మాత్రం పిట్ట ఉంది, కాకపోతే నల్లది.