పదిహేను రోజులకోసారి డై వేసుకునే ఓపిక లేదు, తల నెరుస్తోంది, ఏం చేయాలి? నా అనుభవం

మీకు 43 ఏళ్లు, జుట్టు సగం దాకా నెరిసింది, పదిహేను రోజులకోసారి నల్ల డై వేసుకోవడం విసుగొచ్చేసింది, పని తక్కువుండే దారేదైనా చెప్పమని అడిగారు. నాకిప్పుడు 52. ముప్ఫై ఎనిమిదో ఏట మొదలుపెట్టి ఆరేళ్లు మీలాగే నల్ల డై వేశాను. ఆ తర్వాత గోరింటాకుకి మారాను. ఎందుకు మారాల్సి వచ్చిందో కూడా చెప్తాను.

ముందు అసలు విషయం. మనకెంత పని పడుతుందన్నది ఏ కంపెనీ డై అన్నదాని మీద లేదండీ, ఏ రంగు వేశామన్నదాని మీద ఉంది. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పదిహేను రోజులకి పాపిట దగ్గర అర సెంటీమీటరు తెలుపు బయటపడుతుంది. చుట్టూ కాటుక నలుపుంటే ఆ కాస్తా సున్నంతో గీత గీసినట్టు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నాది బ్యాంకు కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగం. ఎదురుగా నిలబడ్డవాళ్ల కళ్లు ముందు నా పాపిట మీదే పడేవి. అప్పట్లో మూడో వారం వచ్చిందంటే చాలు, టెన్షన్. చుట్టూ ముదురు గోధుమ రంగు ఉంటే ఆ అర సెంటీమీటరు అంత తొందరగా ఎవరి కంటా పడదు. అందుకే నలుపంత చాకిరీ చేయించే రంగు ఇంకోటి లేదంటాను.

ఇక నేను డై మానేసిన సంగతి. మా మేనకోడలి పెళ్లికి ముందు రోజు రాత్రి వేసుకున్నాను. కొత్త రకం కూడా కాదు, ఎప్పుడూ వాడేదే. తెల్లారేసరికి చెవుల వెనక దురద మొదలైంది. సాయంత్రానికి నుదురంతా వాచిపోయి, కనురెప్పలు బరువెక్కి కళ్లు తెరవలేకపోయాను. పెళ్లి ఫొటోల్లో నేను లేను. చర్మ డాక్టరు గారు వీపు మీద ప్యాచ్ టెస్ట్ చేసి, పారా ఫినైలిన్ డయమిన్ అనే రసాయనం నాకు పడదని తేల్చారు. పి.పి.డి. అంటారు దాన్ని. ముదురు రంగు పర్మనెంట్ డైలలో ఎక్కువగా ఉంటుంది. ఏళ్ల తరబడి ఏమీ కాకపోయినా ఒక్కసారిగా పడకపోవచ్చు, ఒకసారి పడకపోతే మాత్రం ఇక జన్మంతా దూరంగా ఉండాల్సిందే అన్నారు. ప్యాకెట్ మీద 'అమ్మోనియా లేదు' అని ఉంటే పి.పి.డి. కూడా లేదనుకోకండి, రెండూ వేరు. 'నల్ల హెన్నా' అని అమ్మేవాటిలో కూడా ఇది కలుపుతుంటారు. ఉత్త గోరింటాకు ఎప్పటికీ నల్లగా పండదు కదా! అరగంటలో నల్లబడుతుందంటే అందులో ఇంకేదో ఉన్నట్టే. ఏ డై అయినా సరే, 48 గంటల ముందు చెవి వెనక చుక్కంత రాసి చూసుకోండి. ఈ ఒక్క విషయంలో మిమ్మల్ని బతిమాలుతున్నాను.

ఆ తర్వాత నాలుగేళ్లు గోరింటాకు, దాని మీద నీలి ఆకు (ఇండిగో) పొడి. తలస్నానం చేసి ఆరిన జుట్టుకి (నూనె ఉంటే పట్టదు) రాత్రి నానబెట్టిన గోరింటాకు పెట్టి రెండు మూడు గంటలుంచి, ఉత్త నీళ్లతో కడిగేయాలి. అప్పుడు తెల్ల వెంట్రుకలన్నీ నారింజ రంగులోకి వస్తాయి, చూసి భయపడకండి. తర్వాత నీలి ఆకు పొడిని గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పేసి కలిపి, పది పదిహేను నిమిషాలాగి పెట్టుకోవాలి. ఇది నిలవుంటే పనికిరాదు. గంటన్నర ఆగి కడిగేస్తే మొదట కాస్త ఆకుపచ్చగా అనిపించినా, రెండు రోజుల్లో గాలి తగిలి నల్లబడుతుంది. ఆ రెండు రోజులూ షాంపూ వద్దు. రంగు చక్కగా వస్తుంది, కానీ ఆదివారం పూట మొత్తం దానికే పోతుంది. మీరు అడిగింది తక్కువ పని కాబట్టి దీన్ని మీకు చెప్పలేను.

ఇప్పుడు నేను చేసేది వేరు. నానిన గోరింటాకులో అప్పుడే కలిపిన నీలి పొడి వేసి, రెండూ కలిపి ఒకేసారి పెట్టేస్తాను. నలుపు రాదు, గోధుమ రంగు వస్తుంది. నాకు కావలసిందీ అదే. ఆరు వారాలకోసారి పాపిటకి, ముందు వైపుకి మాత్రమే. చెంపల దగ్గర తెల్ల వెంట్రుకలు మొండివి, రంగు ఓ పట్టాన పట్టదు, అందుకని మొన్నమొన్నటిదాకా మొదట అక్కడే రాసేదాన్ని. ఏదైనా ఫంక్షన్ మధ్యలో వస్తే పాపిటకి అద్దుకునే పౌడర్ ఉంది, తలస్నానంతో పోతుంది.

మీకు పి.పి.డి. ఇబ్బంది లేకపోతే పార్లర్‌లో డెమీ పర్మనెంట్ అనే రంగు అడగండి. అది తెలుపుని పూర్తిగా కప్పదు, ఇరవై పాతిక తలస్నానాల్లో మెల్లగా వెలిసిపోతుంది కాబట్టి పాపిటలో గీత అంతగా తేలదు. హైలైట్స్ (అక్కడక్కడా కొన్ని పాయలకే లేత రంగు వేయడం) అయితే మూడు నెలల దాకా నడుస్తాయి, కాకపోతే బ్లీచ్ చేయాలి. ఇంతకుముందు గోరింటాకు, నీలి పెట్టి ఉంటే వాళ్లకి తప్పకుండా చెప్పండి. నీలి మీద బ్లీచ్ పడితే జుట్టు ఆకుపచ్చగా తిరగొచ్చు.

ఇంకోటి, ఇప్పుడున్న నలుపు మీద గోధుమ రంగు వేస్తే అది లేతబడదు. కొత్తగా వచ్చే కుదుళ్లకి మాత్రం గోధుమ రంగు వేస్తూ, చివర్లు రెండు మూడు నెలలకోసారి కత్తిరించుకుంటూ పోవాలి. భుజాల దాకా జుట్టుంటే పూర్తిగా మారడానికి రెండేళ్ల పైనే పడుతుంది.

అసలు రంగే వద్దనుకుంటే మా పిన్ని సంగతి చెప్తాను. 58 ఏళ్లప్పుడు మొక్కు తీర్చుకుని తిరుమలలో తలనీలాలిచ్చింది. మళ్లీ మొలిచిన జుట్టంతా వెండి. ఇక డై జోలికి పోలేదు. మొదటి ఆరు నెలలూ బంధువులు ఏదో ఒకటి అంటూనే ఉన్నారు, ఆవిడ పట్టించుకోలేదు. ఇప్పుడు కంచిపట్టు చీర కట్టి, ఆ వెండి ముడిలో మల్లెలు పెట్టుకుంటే చూపు తిప్పుకోలేం. నేనింకా అంతదాకా రాలేదు. చెంపల దగ్గర మాత్రం ఈ మధ్యే రంగు మానేసి చూస్తున్నాను.

మీ జుట్టు ఎంత పొడవో, ఇంతకుముందు గోరింటాకు పెట్టారో లేదో రాయండి. పొడులు ఎంతెంత కలపాలో లెక్క చెప్తాను.