ఔట్‌లెట్ తగ్గింపు దేనిమీద తగ్గింపు?

డిజైనర్ దుస్తులను, సంచులను తక్కువ ధరకు అమ్మే ఔట్‌లెట్ మాల్స్ గురించి పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, నగరానికి చాలా దూరంలో ఉన్న ఒక ఔట్‌లెట్ మాల్‌లో, పేరున్న ఒక కంపెనీ సొంత దుకాణంలో హ్యాండ్‌బ్యాగు కొన్నాను. ట్యాగు మీద ముద్రించిన ధరలో అరవై శాతం తగ్గించి ఇచ్చారు. వారం తరువాత అదే కంపెనీకి నగరంలో ఉన్న పెద్ద షోరూముకు వెళ్తే అలాంటి బ్యాగు కనిపించలేదు. అడిగితే, ఆ మోడల్ తమ దగ్గర ఎప్పుడూ అమ్మలేదని చెప్పారు. నేను కొన్నది నకిలీ వస్తువా?

జవాబు: నకిలీ కాదు. కంపెనీ సొంతంగా నడిపే ఔట్‌లెట్‌లో కొన్నారు కనుక అది ఆ కంపెనీ తయారు చేయించిన సరుకే. అయితే షోరూమువారు చెప్పినది నిజమైతే, మీ బ్యాగు ఔట్‌లెట్‌లో అమ్మడానికే ప్రత్యేకంగా తయారై ఉంటుంది. అప్పుడు ట్యాగు మీద కనిపించిన పెద్ద ధర చెల్లించి ఆ బ్యాగు కొన్నవారు ఎవరూ ఉండకపోవచ్చు. మీకు దక్కిన అరవై శాతం తగ్గింపును నిజంగా అమ్ముడుపోయిన ధరమీద కాక, పోల్చి చూసుకోవడానికి ముద్రించిన ఒక అంకెమీద లెక్కగట్టారన్నమాట. మీ అనుమానం వస్తువు మీదికి పోయింది గాని, అది పోవలసింది ఆ అంకె మీదికి.

మొదట్లో ఈ పద్ధతి లేదు. అమెరికా తూర్పు ప్రాంతంలోని బట్టల మిల్లులు, నేతలోనో కుట్టులోనో చిన్న లోపం వచ్చిన సరుకును, ఆర్డరుకు మించి తయారైన సరుకును తమ కార్మికులకు చవకగా అమ్మేవి. క్రమంగా బయటివారికి కూడా అమ్మడం మొదలుపెట్టాయి. పెన్సిల్వేనియాలోని రెడింగ్ పట్టణంలో వానిటీ ఫెయిర్ సంస్థ 1970ల్లో తన మిల్లు భవనాలలోనే నడిపిన దుకాణానికి దూరప్రాంతాల నుంచి బస్సులలో జనం వచ్చేవారు. 1979లో టెనెసీలోని లేక్‌లాండ్‌లో, దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే ఔట్‌లెట్ మాల్ వెలిసింది. 1985లో న్యూయార్క్ నగరానికి ఉత్తరాన ప్రారంభమైన వుడ్‌బరీ కామన్‌లో ఇప్పుడు రెండు వందలకు పైగా దుకాణాలున్నాయి. ఇంగ్లండులోని బైసెస్టర్ విలేజ్ 1995లో, జపానులో ఫ్యూజీ పర్వతం సమీపంలోని గోటెంబా ఔట్‌లెట్లు 2000లో తెరుచుకున్నాయి.

మిల్లు పక్కన ఉన్న ఒక్క గదిని మిగులు సరుకుతో నింపవచ్చు. వందలాది మాల్స్‌లోని వేలాది దుకాణాలను, ఏడాది పొడవునా, అన్ని సైజులలో, అన్ని రంగులలో, మిగులు సరుకుతో నింపడం సాధ్యం కాదు. పైగా మిగులు అనేది కంపెనీ అంచనా తప్పినప్పుడు పుట్టేది. కంప్యూటర్ లెక్కలు వచ్చి అంచనాలు మెరుగుపడిన కొద్దీ మిగిలేది తగ్గుతూ వచ్చింది, ఔట్‌లెట్లు మాత్రం పెరుగుతూ వచ్చాయి. ఆ తేడాను పూడ్చడానికే చాలా కంపెనీలు ఔట్‌లెట్ల కోసం విడిగా, తక్కువ ఖర్చుతో కుట్టించడం మొదలుపెట్టాయి. 2014 జనవరిలో అమెరికా చట్టసభలకు చెందిన నలుగురు సభ్యులు ఈ విషయంపై విచారణ జరపాలని, వ్యాపార మోసాల నుంచి వినియోగదారులను కాపాడే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు లేఖ రాశారు. ఔట్‌లెట్లలో అమ్ముడుపోయే సరుకులో 85 శాతానికి పైగా వాటికోసమే తయారవుతున్నదన్న అంచనాను వారు ఆ లేఖలో ఉదహరించారు.

ఇలా విడిగా తయారు చేయడాన్ని నేను తప్పుపట్టను. తక్కువ ఖర్చుతో తయారు చేసి తక్కువ ధరకు అమ్మడం న్యాయమైన వ్యాపారమే. ఎప్పుడూ అమలులో లేని ధరను ట్యాగు మీద చూపించి, దానితో పోల్చి ఇంత తగ్గించామని చెప్పడమే అన్యాయం. మీ బ్యాగు మీరు చెల్లించిన సొమ్ముకు తగినదేనా అన్నది మాత్రం ట్యాగును పూర్తిగా మరచిపోయి, వస్తువును చేతిలోకి తీసుకుని చూస్తే తెలుస్తుంది. లోపలి లైనింగ్ గట్టిగా ఉందా, అంచులను మడిచి కుట్టారా లేక రంగు పూసి వదిలేశారా, జిప్పు ఎక్కడా పట్టకుండా జారుతున్నదా, పట్టీ బ్యాగుకు కలిసే చోట, అంటే బరువంతా పడే చోట, కుట్టు రెండు వరుసలలో ఉందా అని చూడండి. ఇవన్నీ బాగుంటే నిశ్చింతగా వాడుకోండి.

ప్రశ్న: ఏ దుస్తులు ఔట్‌లెట్ కోసం కుట్టినవో, ఏవి షోరూము నుంచి వచ్చినవో కొనేముందే గుర్తుపట్టే మార్గం ఉందా?

జవాబు: కొన్ని కంపెనీల విషయంలో లేబులే చెబుతుంది. జె.క్రూ సంస్థ ‘ఫ్యాక్టరీ’ పేరుతో ఔట్‌లెట్ల కోసం కుట్టించే దుస్తుల లేబులు మీద పేరు కింద రెండు చిన్న వజ్రాకారాలు, గ్యాప్ సంస్థ ఫ్యాక్టరీ దుస్తుల మీద మూడు చిన్న చతురస్రాలు కనిపిస్తూ వచ్చాయి. అన్ని కంపెనీలూ ఇటువంటి గుర్తులు వేయవు, వేసినవి కూడా వాటి అర్థమేమిటో గోడమీద రాసిపెట్టవు. కనుక దుకాణంలో ఉన్నవారినే సూటిగా అడగడం మంచిది. అడిగితే నిజం చెప్పే సిబ్బంది చాలామంది ఉంటారు.

సరుకును పేర్చిన తీరు కూడా ఒక ఆధారమే. ఒకే చొక్కా అన్ని సైజులలోనూ, నాలుగైదు రంగులలోనూ, దొంతరలుగా కనిపిస్తే అది మిగిలిపోయిన సరుకు అయ్యే అవకాశం తక్కువ. నిజంగా మిగిలినవి సైజులు తెగి, ఒకటీ అరా, గడిచిపోయిన సీజనువిగా, తరచు దుకాణంలో వెనకవైపున వేలాడుతుంటాయి. ఓపికగా వెతికేవారికి నిజమైన లాభం దొరికేది అక్కడే. చొక్కాను తిరగేసి, గళ్ళు లేదా చారలు జేబు దగ్గర, పక్క కుట్టు దగ్గర ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా అని చూడండి. అలా కలిపి కత్తిరించాలంటే బట్ట ఎక్కువ పడుతుంది. ఖర్చు తగ్గించుకోదలచినప్పుడు మొదట వదిలేసే పనులలో అదొకటి. కుట్టు దగ్గర లోపల వదిలిన బట్ట వెడల్పు, కింది మడత లోతు కూడా ఇదే కథ చెబుతాయి.

ప్రశ్న: ఈ మాల్స్ నగరాలకు అంత దూరంలో ఎందుకు కడతారు?

జవాబు: స్థలం చవక అన్నది ఒక్కటే కారణం కాదు. ఒక కంపెనీ సరుకును పూర్తి ధరకు అమ్మే పెద్ద దుకాణాలు నగరంలోనే ఉంటాయి. వాటికి పక్క వీధిలోనే ఆ కంపెనీ తక్కువ ధర బోర్డు పెడితే ఆ దుకాణాలు దాని సరుకు తీసుకోవడం మానేస్తాయి. ఆ భయంతోనే తయారీదారులు మొదటినుంచీ ఔట్‌లెట్లను హైవేల పక్కన, నగరం నుంచి గంట ప్రయాణమంత దూరంలో ఉంచుతూ వచ్చారు. ఆ దూరం తరువాత వారికి మరో విధంగా కలిసివచ్చింది. అంత దూరం కారు నడుపుకుంటూ వచ్చినవారు ఉత్త చేతులతో తిరిగి వెళ్ళడానికి ఇష్టపడరు.

ప్రశ్న: పెద్ద పెద్ద బ్రాండ్లు మిగిలిన సరుకును తగ్గించి అమ్మడానికి బదులు తగలబెడతాయని విన్నాను. ఇది నిజమేనా?

జవాబు: నిజమే. బ్రిటన్‌కు చెందిన బర్బెరీ సంస్థ ఒక్క ఏడాదిలో 2 కోట్ల 86 లక్షల పౌండ్ల విలువైన సరుకును నాశనం చేసినట్లు 2018లో వెలువడిన తన వార్షిక నివేదికలోనే తెలిపింది. తీవ్రమైన విమర్శలు రావడంతో, ఆ పని మానేస్తామని అదే ఏడాది సెప్టెంబరులో ప్రకటించింది. తమ వస్తువు చవకగా దొరుకుతుందన్న పేరు వస్తే, పూర్తి ధర ఇచ్చేవారు దూరమవుతారన్నది ఇలాంటి సంస్థల భయం. ఖరీదైన సంచులకు పేరుపొందిన ఫ్రెంచి సంస్థ లూయీ వ్యుతాన్ ఈ కారణంచేతనే ఔట్‌లెట్లు పెట్టలేదు, తగ్గింపులూ ప్రకటించదు. నూలు వడికినవారి, నేసినవారి, కుట్టినవారి శ్రమనంతా మంటల్లో వేయడం కంటే సగం ధరకైనా ఒకరు తొడుక్కోవడం వేయి రెట్లు మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఔట్‌లెట్లు వాటి అసలు పని చేసినంతకాలం, అంటే మిగిలినదాన్ని తొడుక్కునేవారికి చేర్చినంతకాలం, వాటి అవసరం ఉంటుంది. అమ్ముడుపోని దుస్తులను నాశనం చేయకూడదని ఫ్రాన్సు 2020లో చట్టం చేసి, 2022 నుంచి అమలులో పెట్టింది.

ప్రశ్న: లేని ధరను చూపి తగ్గించామని చెప్పకుండా ఆపే చట్టాలు లేవా?

జవాబు: ఉన్నాయి, కాని అన్నిచోట్లా ఒకేలా లేవు. పాత ధర అని చూపించాలంటే ఆ ధరకు వస్తువును తగినంత కాలం నిజాయితీగా అమ్మకానికి పెట్టి ఉండాలని అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు చెబుతాయి. అందుకే అక్కడి ట్యాగుల మీద చాలాసార్లు పాత ధర అని కాక, ‘కంపేరబుల్ వాల్యూ’ వంటి మాటలు కనిపిస్తాయి. ఆ మాటకు అర్థం ఇలాంటి వస్తువుకు మరోచోట ఇంత ధర ఉండవచ్చునని మాత్రమే. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి నియమం మరింత స్పష్టంగా ఉంది: ధర తగ్గించామని ప్రకటించే వ్యాపారి, అంతకు ముందు కనీసం 30 రోజులలో తాను అమ్మిన అతి తక్కువ ధర ఎంతో చూపించాలి. శాతాన్ని కూడా ఆ ధరమీదే లెక్కగట్టాలని 2024 సెప్టెంబరులో యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. కొనేవారి పక్షాన ఇంత సూటిగా ఉన్న నియమం అన్ని దేశాలలోనూ రావాలని నా కోరిక.

ప్రశ్న: ఔట్‌లెట్‌లో కొన్న వస్తువును షోరూములో తిరిగి ఇవ్వవచ్చా?

జవాబు: చాలా కంపెనీలలో కుదరదు. ఔట్‌లెట్ వస్తువును ఔట్‌లెట్‌లోనే ఇవ్వాలి. ‘ఫైనల్ సేల్’ అని రాసి ఉంటే అక్కడ కూడా తీసుకోరు. ప్రయాణంలో ఉన్నవారు మళ్ళీ అంత దూరం వెళ్ళలేరు కనుక, బిల్లు వెనక ఉన్న షరతులను డబ్బు చెల్లించకముందే చదివి, దుస్తులనైతే అక్కడే తొడిగి చూసుకోండి.