షెడ్డులో ముందు బల్ల వెయ్యి

అమ్మలూ,

పెరటి షెడ్డులో వర్క్‌షాప్ పెట్టుకుంటానని నువ్వు రాసిన ఉత్తరం చదివి చాలా సంతోషించాను. దాంతోపాటు పంపిన పనిముట్ల లిస్టు చూసి మాత్రం కాస్త కంగారు పడ్డాను. దాన్ని మడిచి పక్కన పెట్టు. ముందు బల్ల వెయ్యి.

భోజనాల బల్ల మీద పని చేసినన్నాళ్లూ జిగురు ఆరకముందే అన్నీ తియ్యాలి. విప్పిన స్క్రూలు డబ్బాలో పొయ్యాలి. మళ్లీ మొదలుపెట్టేసరికి ఎక్కడ ఆపామో గుర్తుండదు. షెడ్డులో ఆ బాధ లేదు. సగంలో ఉన్న పనిని ఉన్నది ఉన్నట్టు వదిలేసి తలుపేసుకుని వచ్చేయొచ్చు. నా లెక్కలో షెడ్డు సుఖమంతా ఇదే, మిగతావన్నీ దాని తర్వాతే. నువ్వు వేరే పనిలో ఉన్నా బుర్ర దాని గురించే ఆలోచిస్తూ ఉంటుంది. స్నానం చేస్తుంటే ఆ కీలు ఎందుకు బిగుసుకుందో తడుతుంది.

జేమ్స్ వాట్ చివరి రోజుల్లో ఇంటి అటక మీద ఒక పనిగది పెట్టుకుని శిల్పాలకు నకళ్లు తీసే యంత్రాలతో కుస్తీ పడుతుండేవాడు. ఆవిరి యంత్రంతో అంత పేరు వచ్చాక కూడా! 1819లో ఆయన పోయాక ఆ గదిని అలాగే ఉంచేశారు. 1924లో సామానంతటినీ లండన్ సైన్స్ మ్యూజియానికి తరలించారు. ఆయన చేస్తూ వదిలేసిన పనులు ఇంకా అక్కడున్నాయి.

హంగులు లేవని దిగులు పడకు. పారిస్‌లో క్యూరీ దంపతులు రేడియం వేరు చేసింది కప్పు కారే పాత షెడ్డులోనే. అంతకుముందు అది వైద్య విద్యార్థులు శవాలను కోసే చోటు. 1902 నాటికి టన్నులకొద్దీ ఖనిజం నుంచి గ్రాములో పదో వంతు రేడియం క్లోరైడ్ తీశారు. వాళ్ల ఓపిక మాత్రం నేర్చుకో, జాగ్రత్తల విషయంలో వాళ్లను చూడొద్దు. వాళ్ల నోటు పుస్తకాల్లో రేడియోధార్మికత ఇంకా పోలేదు, అందుకే వాటిని నేటికీ సీసం పూత ఉన్న పెట్టెల్లో దాస్తున్నారు.

ఇక బల్ల సంగతి. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ఎక్కడికొస్తుందో ఆ ఎత్తు పెట్టు. చాలామందికి అది 85 నుంచి 90 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. కొలత టేపు కన్నా నీ ఒంటినే నమ్ము. చిత్రిక పట్టే పని ఎక్కువైతే ఇంకాస్త తగ్గించు, ఒంటి బరువు పడాలి కదా. బల్ల ఎంత బరువుంటే అంత మంచిది. గోడకు బిగించేస్తే ఇంకా మేలు. ఊగే బల్ల మీద రంపం కోస్తే సగం బలం బల్లే తినేస్తుంది. చెక్కను కదలకుండా రెండు దవడల మధ్య బిగించి పట్టే వైస్‌ను బల్ల కాలు ఉన్న మూలన బిగించు. దాని వెనక దవడ బల్ల అంచు దాటి కొంచెం బయటికి రావాలి. అప్పుడే పొడవైన చెక్కను నిలువుగా పట్టించగలవు. కుడిచేత్తో చేస్తావు కాబట్టి వెలుగు ఎడమ వైపు నుంచి రావాలి. లేకపోతే నీ చేతి నీడే గీత మీద పడుతుంది.

పనిముట్లు పని అడిగినప్పుడు కొను. సుత్తి, రంపం, ఆకురాయి, రెండు ఉలులు, కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్లు చాలు. సానరాయి మాత్రం మొదటి రోజే ఉండాలి. ఉలిని 25 డిగ్రీలకు సానబట్టి, అంచు ఒక్కటీ 30కి తీరిస్తే చాలాకాలం నిలుస్తుంది. మొద్దు ఉలే ప్రమాదం. బలం పెట్టి తోస్తావు, అది జారి చేతిలో దిగుతుంది.

డ్రిల్లింగ్ మెషీన్ దగ్గర చేతి తొడుగులు, వేలాడే చున్నీ వద్దే వద్దు. తిరిగే బిట్‌కు గుడ్డ చుట్టుకుంటే చెయ్యి వెనక్కి లాక్కునే టైమ్ ఉండదు. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకు. ఆరేటప్పుడు వాటిలో వేడి పుట్టి, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటాయి. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టు. చుట్ట ఎక్స్‌టెన్షన్ వైరును పూర్తిగా విప్పి వాడు, చుట్టలోనే ఉంటే వేడెక్కుతుంది. ఎలక్ట్రీషియన్‌తో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, పెట్టించు. ఇందులో పొదుపు వద్దు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు ఇంట్లోవాళ్లే. "ప్రస్తుతానికి ఇక్కడ పెడుతున్నా" అంటూ ఒకరు పాత ఫ్యాన్ తెస్తారు, ఇంకొకరు అట్టపెట్టెలు తెస్తారు. మొహమాటపడ్డావో, నీ బల్ల కనిపించదు. మొదటి పెట్టె గడప దాటకముందే పోట్లాడు. మీ అమ్మ నాకు ఫోన్ చేస్తే నేను చూసుకుంటాను.

షెడ్డు పొడవు, వెడల్పు, కిటికీ ఏ దిక్కున ఉందో రాసి పంపు. బల్ల బొమ్మ గీసి, కొలతలు వేసి ఇస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న