బ్యాన్ వేసిన ప్రతిసారీ గొడవ: గిల్డ్ రాజ్యాంగం

మీ గిల్డ్‌కి (ఆన్‌లైన్ గేమ్‌లో కలిసి ఆడే బృందానికి) 40 రూల్స్ రాసుకున్నా ప్రతి బ్యాన్ దగ్గరా గొడవ అవుతోందంటే, రాజ్యాంగాన్నీ చట్టాలనీ ఒకే పత్రంలో కలిపేసి ఉంటారు. అడ్మిన్‌కి కోపం వస్తే రెండూ మారిపోతాయి.

1. విడదీయండి. ఎవరికి ఏ అధికారం, ఎంతకాలం, ఓటు ఎవరికి అన్నది రాజ్యాంగం. చీటింగ్, స్పామ్, తిట్లు చట్టాల్లోకి.

2. చాలామంది మరిచిపోయేది సవరణ పద్ధతి. చట్టం మార్చడానికి మామూలు మెజారిటీ చాలు. రాజ్యాంగానికైతే మూడింట రెండొంతుల ఓట్లు పెట్టండి, అదీ కోరం (ఓటింగ్ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) ఉంటేనే. కోరం లెక్కలో గత 30 రోజుల్లో ఆడినవాళ్లనే తీసుకోండి. మూలన పడ్డ పాత అకౌంట్లను కలిపితే ఏ ఓటింగూ తేలదు (మా గిల్డ్‌లో జరిగింది ఇదే).

3. బ్యాన్ వేసినవాళ్లే అప్పీల్ వినకూడదు.

4. కొత్త రూల్ పాత తప్పులకు వర్తించదు.

సర్వర్ ఓనర్‌కి వీటో ఎలాగూ ఉంటుంది, దాన్నీ దాచకుండా రాసేయండి.