మనుషుల ఫొటో తీయాలంటే ఉండే బెరుకు నాకు మిర్చియార్డులో వదిలింది

మీ ప్రశ్న ఇదీ: జర్నలిజం మొదటి ఏడాది, ల్యాబ్ జర్నల్‌కి (విద్యార్థులే తయారుచేసే పత్రికకి) ఫొటోలు ఇవ్వాలి, జనం ఎదుట కెమెరా ఎత్తాలంటే మొహమాటం, తీసినవన్నీ వీపులే, పెద్ద జూమ్ లెన్సు కొంటే ధైర్యం వస్తుందా అని. కొనకండి. దూరం నుంచి ఇంకా బాగా దాక్కోవడానికి తప్ప అది ఇప్పుడు మీకు ఎందుకూ పనికిరాదు. నాకూ సరిగ్గా ఈ జబ్బే ఉండేది.

నాకు పడిన అసైన్‌మెంటు గుంటూరు మిర్చియార్డు. ఫిబ్రవరి, సీజను మంచి ఊపులో ఉంది. సీనియర్ని బతిమాలి తెచ్చుకున్న కెమెరా, దాంతోపాటు వచ్చే 18-55 లెన్సు. గేటు దాటిన రెండు నిమిషాలకే తుమ్ములు, దగ్గు. హమాలీలు ముక్కుకి తువ్వాలు చుట్టుకుని టిక్కీలు మోస్తున్నారు (అక్కడ మిర్చి బస్తాని టిక్కీ అనే అంటారు). నేనేమో లారీ చాటున నిలబడి జూమ్ మొత్తం లాగి దొంగచాటుగా కొడుతున్నాను. మధ్యలో ఓ కాయ విరిచి చూసి, అదే చేత్తో కన్ను నలుపుకున్నాను. ఆ తర్వాతి ఫొటోలన్నీ గుడ్డిగా తీసినవే.

మర్నాడు మా మాస్టారికి అందులో ఒకటి నచ్చింది. తొడిమలు తీస్తున్న ఒకావిడ తల పైకెత్తిన ఫొటో. "ఈవిడ పేరు? ఏ ఊరు? రోజుకెంత గిట్టుతుంది?" అన్నారు. నేను నీళ్లు నమిలాను. "క్యాప్షన్ రాయలేని ఫొటో నాకెందుకయ్యా" అని పక్కన పడేశారు. ఒళ్లు మండింది. కానీ మళ్లీ వెళ్లక తప్పలేదు.

రెండోసారి కెమెరా సంచిలోనే ఉంచి నోటుబుక్కు, పెన్ను బయటికి తీశాను. "అమ్మా, మీదే ఊరు?" అన్నాను. ఆవిడ చెప్పింది, ఆపైన నన్నే అడగడం మొదలెట్టింది: ఏం చదువుతున్నావ్, హాస్టల్లో ఉంటున్నావా, అన్నం తిన్నావా. తేజ రకం మిర్చికీ బాడిగ రకానికీ తేడా ఏంటో చేతిలో కాయలు పెట్టి మరీ చూపించింది. ఓ పావుగంటకి "మరి ఫొటో తియ్యవా అబ్బాయ్?" అని తనే అంది. అప్పుడు లెన్సు 24 మి.మీ. దగ్గర పెట్టి (అంటే దగ్గరనుంచే చుట్టుపక్కలు కూడా పట్టేలా), రెండడుగుల దూరంలో గొంతుక్కూర్చుని తీశాను. చెయ్యి వణకలేదు. పేరు అడిగేశాక ఇంకా దాక్కోవడానికి ఏముంటుంది?

సెట్టింగులూ అడిగారు కాబట్టి చెబుతాను. బస్తా మోస్తూ నడిచే మనిషికి షట్టర్ 1/500 (సెకనులో ఐదొందలో వంతు) పెట్టండి, కదలిక చెదరదు. షెడ్డు నీడలో చీకటైతే ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం) పెంచండి, గ్రెయిన్, అంటే చుక్కలు చుక్కలుగా వచ్చినా ఫరవాలేదు. నన్ను బాగా ఏడిపించింది మాత్రం ఎరుపు. ఎండలో మిర్చి రాశి తీస్తే కాయలూ ముడతలూ ఏవీ విడిగా కనపడక ఎర్ర ముద్దలా వచ్చేది. మామూలు హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) అంతా బాగానే ఉంటుంది, ఎరుపు ఛానల్ ఒక్కటే పేలిపోతుంది, అంటే హద్దు దాటి వివరాలు పోతాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్జీబీ హిస్టోగ్రామ్ చూస్తూ ఎక్స్‌పోజర్‌ని (ఫొటోలో పడే వెలుగుని) మైనస్ 0.7కి దించాక కాయ కాయగా కనిపించింది. దుమ్ములో లెన్సు మాత్రం మార్చకండి.

అందరూ ఒప్పుకోరు. ఒక రైతు చేయి అడ్డం పెట్టి, "నా మొహం పేపర్లో పడితే రేపు కమీషన్ ఏజెంటు నా సరుకు వైపు చూడడు" అన్నాడు. నిజమే, నేను ఫొటో తీసుకుని వెళ్లిపోతాను, ఆయన మళ్లీ అక్కడికే రావాలి. తాలు కాయలు ఏరుతున్న ఆయన చేతుల వరకే తీశాను, అదీ అడిగే. కేసుల్లో ఉన్న పిల్లల విషయంలో అయితే అడిగినా తీయకూడదు. వాళ్లని గుర్తుపట్టేలా ఏదీ వేయొద్దని బాలల న్యాయ చట్టం 74వ సెక్షనే చెబుతుంది.

వారం తర్వాత స్టూడియోలో ప్రింటు వేయించి ఆవిడకి ఇచ్చొచ్చాను. మూడోసారి వెళ్లేసరికి పక్కనున్న ఆడవాళ్లందరూ "మావీ తియ్యి" అని పిలిచారు. అయితే అందరూ కెమెరాకేసి చూసి నవ్వారు, వాటిలో ఒక్కటీ పనికిరాలేదనుకోండి.

నా బెరుకు పూర్తిగా పోయిందని మాత్రం అనను. చావు జరిగిన ఇంటికి పంపితే ఇప్పటికీ నాకు కెమెరా పైకి లేవదు. గుమ్మం బయట విడిచిన చెప్పుల వరస తీసుకుని వచ్చేస్తాను. అందుకు డెస్కులో తిట్లు తిన్న రోజులూ ఉన్నాయి.