ఆర్‌పీజీల్లో నీళ్లు కలిపారంటారు, ఎంతవరకు నిజం?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "ఒక పాత్రని తయారుచేసుకుని పెంచుకుంటూ ఆడే ఈ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ (ఆర్‌పీజీలు) స్కైరిమ్‌తోనే మొదలుపెట్టాను, నాకు బాగానే నచ్చింది. పాత ఫ్యాన్స్ మాత్రం అందరికీ అమ్ముకోడానికి దాన్ని పలచన చేశారని ఒకటే గొడవ. నిజంగా ఏమైనా పోయిందా? కొత్త గేమ్ కొనేటప్పుడు ఆ సంగతి ఎలా కనిపెట్టాలి?"

పోయింది. కాకపోతే ఎక్కువమంది వేలు పెట్టి చూపించే చోట కాదు.

వాళ్లు చూపించేవి అంకెలు. ఎల్డర్ స్క్రోల్స్ అనే ఒకే వరుసలో మూడు గేమ్స్: మారోవిండ్ (2002)లో 27 స్కిల్స్ (పాత్రకొచ్చే విద్యలు), అబ్లివియన్ (2006)లో 21, స్కైరిమ్ (2011)లో 18. బలం, చురుకుదనం, అదృష్టం లాంటి ఎనిమిది గుణాలు మొదటి రెండింట్లో ఉన్నాయి. స్కైరిమ్‌కి వచ్చేసరికి హెల్త్, మ్యాజికా, స్టామినా అనే మూడు గీతలు మిగిలాయి. మారోవిండ్‌లో ఎడమ భుజానికో కవచం, కుడి భుజానికో కవచం. ఇప్పుడు తల, ఒళ్లు, చేతులు, కాళ్లు, డాలు, అంతే. ఈ పట్టీ చదివితే ఎవరికైనా దోచుకున్నారనే అనిపిస్తుంది. కానీ అందులో పోయి మంచిదైనవీ ఉన్నాయి.

ఉదాహరణకి అబ్లివియన్ లెవెల్ లెక్క. మొదట్లో మీరు ఎంచుకున్న ఏడు మేజర్ (ముఖ్యమైన) స్కిల్స్ ఉంటాయి, వాటిలో అన్నీ కలిపి పది పాయింట్లు పెరిగితే ఒక లెవెల్. అప్పుడు ఒక గుణానికి +5 రావాలంటే ఆ గుణం కిందికొచ్చే స్కిల్స్ ఈ లెవెల్లో కనీసం పదిసార్లు పెరిగి ఉండాలి. ఒకటి నుంచి నాలుగైతే +2, ఐదు నుంచి ఏడైతే +3, ఎనిమిది తొమ్మిదికి +4. పైగా మీ లెవెల్‌తో పాటు శత్రువులూ పెరుగుతారు. మందులు నూరుతూ, మాటలు చెబుతూ లెవెల్ పెంచుకున్నవాడు కత్తి పట్టేసరికి దారిదోపిడీగాడు కూడా గ్లాస్ అనే ఖరీదైన కవచం తొడుక్కుని ఎదురొస్తాడు. అందుకే తెలిసినవాళ్లు వాడని స్కిల్స్‌నే మేజర్‌గా పెట్టుకుని, పక్కన కాగితం మీద గీతలు గీసుకుంటూ ఆడేవారు. దీన్ని లోతు అనలేం, చిట్టా ఆవర్జా రాయడం అనొచ్చు. 2025లో వచ్చిన అబ్లివియన్ రీమాస్టర్‌లో ఈ లెక్క ఎత్తేసి లెవెల్‌కి 12 పాయింట్లు చేతిలో పెట్టారు (అదృష్టం మాత్రం ఒక్కో మెట్టుకీ నాలుగు పాయింట్లు తింటుంది). పోయిందని ఏడవాల్సిన పని లేదు.

మారోవిండ్‌లో "కత్తి తగులుతున్నట్టే కనిపిస్తుంది, దెబ్బ పడదు" అనే ఫిర్యాదు వేరు. అక్కడ లెక్క బాగానే ఉంది, దాన్ని చూపించకపోవడమే తప్పు. ఆయుధపు స్కిల్, చురుకుదనంలో ఐదో వంతు, అదృష్టంలో పదో వంతు కలిపి, ఫటీగ్ (ఒంట్లో ఓపిక చూపించే) గీత నిండుగా ఉంటే 1.25తో, ఖాళీ అయితే 0.75తో హెచ్చిస్తుంది. అందులోంచి ఎదుటివాడి తప్పుకునే బలం తీసేస్తుంది. స్కిల్ 30, మిగతా రెండూ 40 అనుకోండి: 30+8+4=42. ఎదుటివాడికీ అవే 40లు, ఫటీగ్ నిండుగా ఉంటే అతని వాటా 15. మీ గీత నిండుగా ఉంటే 37.5 శాతం, పరిగెత్తుకుంటూ వచ్చి ఖాళీ చేసుకుంటే 16.5. ఆరు దెబ్బలకి ఒకటన్నమాట. ఈ ఒక్క సంగతి తెలియక గేమ్ మూసేసినవాళ్లకి లెక్కలేదు.

దీన్ని బాగు చేయడానికి లెక్క తీసెయ్యక్కర్లేదు, బయటపెడితే చాలు. బాల్దూర్స్ గేట్ 3 (2023) చేసిందదే. కొట్టబోయే ముందే తగిలే అవకాశం ఎంత శాతమో చూపిస్తుంది, సంభాషణల్లో 20 ముఖాల పాచికని తెర మీదే దొర్లిస్తుంది. 12 క్లాసులు, గుణాలకి పంచుకోడానికి 27 పాయింట్లు, ఏదీ తగ్గించలేదు. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో పెద్ద అవార్డూ దానికే వచ్చింది. "మామూలు జనానికి ఇవన్నీ ఎక్కవు" అనే సాకు అక్కడితో చెల్లిపోయింది.

నిజంగా పోయినవి రెండు.

మొదటిది దారి చెప్పడం. మారోవిండ్‌లో ఒక పెద్దాయన మిమ్మల్ని డ్వెమర్ అనే పాత జాతి చేసిన పజిల్ బాక్స్ తెమ్మని ఆర్కంగ్‌తాండ్ అనే శిథిలాలకి పంపిస్తాడు. మ్యాప్ మీద బాణం ఉండదు, బాల్మోరా ఊరి నుంచి ఎటు వెళ్లాలో మాటల్లోనే చెబుతాడు. కోటని, పాత వంతెనని గుర్తు పెట్టుకుంటూ నడవాలి. తీరా వెళ్తే తలుపు ఊరికే తెరుచుకోదు, బయట గొట్టం మీదున్న మరని తిప్పాలి. లోపల ఆ పెట్టె గుప్పెట్లో పట్టేంత చిన్నది, చూస్తూ చూస్తూనే దాటిపోతారు. అబ్లివియన్ నుంచి దిక్సూచి మీద ఎటు వెళ్లాలో చూపే మార్కర్ వచ్చింది. మార్కర్ రావడం తప్పు కాదు, అది వచ్చాక రాసేవాళ్లు దారి చెప్పడం మానేయడం తప్పు. స్కైరిమ్ జర్నల్లో (అప్పగించిన పనుల చిట్టాలో) ఏదో ఒక క్వెస్ట్‌ని ఆఫ్ చేసి చూడండి, మార్కర్ పోతుంది. మిగిలేది చాలాచోట్ల "ఫలానా వస్తువు తీసుకురా" అనే ఒక్క వాక్యం. ఎక్కడుందో అడగడానికి మనిషీ ఉండడు. దారి చూపే మంత్రం ఒకటి అందులోనే ఉంది, పాపం దానికి పనే లేదు.

రెండోది తలుపులు మూసుకోవడం. మారోవిండ్‌లో మూడు గొప్ప వంశాల్లో ఒకదానిలోనే చేరగలరు, మాంత్రికుల సంఘంలో పైకెక్కాలంటే స్కిల్ చూపించాలి. స్కైరిమ్‌లో మాంత్రికుల కాలేజీ గుమ్మం దగ్గర అడిగే మంత్రం రాకపోతే అక్కడే 30 బంగారు నాణేలకి అమ్ముతారు. ఆ తర్వాత చిన్నాచితకా మంత్రాలతో నెట్టుకొచ్చిన గొడ్డలివీరుడు కూడా ఆ కాలేజీకి పెద్ద, అంటే ఆర్చ్‌మేజ్ అయిపోవచ్చు. పాత ఫ్యాన్స్ కోపంలో న్యాయమైన భాగం ఇదేనని నా లెక్క.

ఇక కొనేముందు. ఆన్‌లైన్‌లో గేమ్స్ అమ్మే స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కొస్తుంది. పాత్ర ముఖం చెక్కుతూ ఆ టైమంతా తగలేయకండి, ముందే ఉన్న ముఖంతో మొదలుపెట్టండి. మార్కర్ తీసేసి మొదటి క్వెస్ట్ జర్నల్ చదివి వెళ్లగలరేమో చూడండి. ఏదైనా పెద్ద సంభాషణకి ముందు సేవ్ చేసి, ఒకసారి ఔననండి, మళ్లీ లోడ్ చేసి కాదనండి. ఎదుటివాడి రెండో వాక్యం దాకా అదే వస్తే అక్కడ ఎంపిక లేనట్టే. లెవెల్ పెరిగినప్పుడు ఇచ్చేవేంటో కూడా చూడాలి. స్కైరిమ్‌లో ఒంటిచేతి ఆయుధాల మొదటి పెర్క్ (లెవెల్ పెరిగితే ఎంచుకునే వరం) ఐదుసార్లు తీసుకున్నా ప్రతిసారీ దెబ్బకి 20 శాతమే కలుపుతుంది. అదే గేమ్‌లో ఇల్యూజన్ (భ్రమ కల్పించే మంత్రాలు) పెర్క్ ఒకటి మంత్రాలన్నీ చప్పుడు లేకుండా వేయనిస్తుంది, దాంతో ఆట తీరే మారిపోతుంది. రెండో రకం పెర్కులు ఎక్కువుంటే స్కిల్స్ పద్దెనిమిదైనా ఎనిమిదైనా పర్వాలేదు.

మారోవిండే ప్రయత్నిస్తానంటే, రెడ్‌గార్డ్ జాతి పాత్రని తీసుకుని, కంబాట్ (పోరాట) స్పెషలైజేషన్‌తో లాంగ్ బ్లేడ్‌ని మేజర్‌గా పెట్టండి. మేజర్‌కి 30, జాతికి 15, స్పెషలైజేషన్‌కి 5, మొత్తం 50తో మొదలవుతారు, పై లెక్కలో 62.5 శాతం. మొదటి ఆఫీసులో బల్ల మీద దొరికే బాకుతో మాత్రం పోరాటానికి దిగకండి. అది షార్ట్ బ్లేడ్, అందులో మీ స్కిల్ పదే, ఎనిమిది దెబ్బలకి ఒకటి తగులుతుంది. ఎదురుగా ఉన్న అంగట్లో పొడవు కత్తి ఒకటి కొని, ఫటీగ్ గీత నిండేదాకా ఆగి, అప్పుడు ఊరు దాటండి.