ఎ380 తయారీ ఎందుకు ఆగిపోయింది? అది బోయింగ్ గెలుపేనా?

ప్రయాణికులు అంతగా మెచ్చిన, నాలుగు ఇంజిన్ల భారీ విమానమైన ఎ380 తయారీని ఎయిర్‌బస్ ఎందుకు ఆపేసిందని, దాన్ని బోయింగ్ గెలుపుగా భావించవచ్చా అని మీరు అడిగారు. నాలుగు ఇంజిన్ల విమానాలకూ రెండు ఇంజిన్ల విమానాలకూ లైన్ మెయింటెనెన్స్ (విమానం దిగి మళ్లీ బయలుదేరేలోపు చేసే తనిఖీ, మరమ్మతు) ఇంజినీరుగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఎ380కి గిరాకీ లేకుండా చేసినవి రెండే ఇంజిన్లతో మహాసముద్రాలు దాటగలిగిన విమానాలు. వాటిలో బోయింగ్ 777, 787లతో పాటు ఎయిర్‌బస్ వారి సొంత ఎ350 కూడా ఉంది.

ఒక ఇంజిను ఆగిపోతే రెండో ఇంజినుతో 60 నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయానికి చేరుకోగలిగిన దారుల్లోనే రెండు ఇంజిన్ల విమానం వెళ్లాలని ఒకప్పుడు నిబంధన ఉండేది. అందువల్ల సముద్రాల మీది దూరప్రయాణాలు ఎక్కువగా మూడు, నాలుగు ఇంజిన్ల విమానాలకే దక్కేవి. ఇంజిన్లు మధ్యలో ఆగిపోవడం అరుదయ్యే కొద్దీ, 1985లో ఆ పరిమితి 120 నిమిషాలకూ, ఆ తరువాత 180కీ పెరిగింది. 1995లో సర్వీసులోకి వచ్చిన 777కి మొదటి నుంచే 180 నిమిషాల అనుమతి దొరికింది. ఎ380 తొలి ప్రయాణికులను ఎక్కించుకున్నది 2007 అక్టోబరులో. అప్పటికే నాలుగు ఇంజిన్ల అవసరం చాలావరకు తీరిపోయింది.

రెండు ఇంజిన్లు ఎక్కువైతే అయ్యేది ఇంధన ఖర్చు ఒక్కటే కాదు. విమానం దిగిన ప్రతిసారీ ఒక్కొక్క ఇంజినుకూ ఆయిల్ మట్టాన్ని నిర్ణీత వ్యవధిలోపల చూడాలి, ఫ్యాన్ రెక్కలను పరీక్షించాలి, లాగ్‌బుక్‌లో ఏ ఫిర్యాదు ఉన్నా తేల్చి సంతకం చేయాలి. ఆ పని రెట్టింపవుతుంది కానీ, విమానం మళ్లీ బయలుదేరడానికి దొరికే సమయం రెట్టింపు కాదు. ఒకసారి ఒకే ఒక్క ఇంజినులోని వాల్వు మొరాయించి ఎ380 నిలిచిపోయినప్పుడు, అందులోని ప్రయాణికులందరినీ ఒకేసారి తీసుకువెళ్లగల మరో విమానం ఎక్కడా అందుబాటులో లేకపోయింది. వారిని విడతలుగా పంపవలసి వచ్చింది. చిన్న విమానమైతే అదే లోపం వల్ల ఇంత చిక్కు వచ్చేది కాదు.

రూపకల్పనలోనూ ఇబ్బందులున్నాయి. విమానాశ్రయాల్లో 80 మీటర్ల పరిధికి లోబడేలా ఒక రెక్క కొస నుంచి మరో రెక్క కొస దాకా ఉండే దూరాన్ని 79.8 మీటర్లకు పరిమితం చేశారు; పైగా, మున్ముందు ఇంతకంటే పొడవైన రూపం కూడా వస్తుందని తలచి ఆ రెక్కను దానికి సరిపోయేంత పెద్దదిగా కట్టారు. ఆ పొడవైన విమానం రానే లేదు కానీ దాని కోసం చేర్చిన బరువును ఉన్న విమానమే మోసింది. ఎయిర్‌బస్ వారి హాంబర్గ్ (జర్మనీ), టూలూజ్ (ఫ్రాన్స్) బృందాలు వేర్వేరు వెర్షన్ల సాఫ్ట్‌వేర్ వాడటంతో వైర్ల కట్టలు అమరక, సరఫరా సుమారు రెండేళ్లు వెనకబడింది. ఈలోగా 787 కోసం కొత్త తరం ఇంజిన్లు సిద్ధమవుతూ వచ్చాయి. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇదే, ఎందుకంటే అంత పెద్ద విమానానికి కొత్త ఇంజిన్లు అమర్చాలంటే తగినన్ని ఆర్డర్లు కావాలి, ఆ ఆర్డర్లు రాలేదు. మొత్తం 251 విమానాలు అమ్ముడైతే, వాటిలో 123 ఒక్క ఎమిరేట్స్ సంస్థే తీసుకుంది.

ఇక బోయింగ్ గెలుపు సంగతి. అదే తరగతికి చెందిన 747-8 ప్రయాణికుల రూపాన్ని కొన్న విమానయాన సంస్థలు మూడే: లుఫ్తాన్సా, కొరియన్ ఎయిర్, ఎయిర్ చైనా. ముక్కు భాగం తెరుచుకుని పొడవైన సరుకును నేరుగా లోపలికి తీసుకోగల కార్గో రూపం ఉండటం వల్లనే 747 తయారీ 2023 జనవరిలో చివరి విమానాన్ని అప్పగించే దాకా నిలిచింది. ఎ380కి ఆ ఊతం కూడా లేదు, దాని కార్గో రూపానికి వచ్చిన ఆర్డర్లు ఆలస్యం వల్ల రద్దయ్యాయి. కాబట్టి నాలుగు ఇంజిన్ల పోటీలో ఇద్దరూ నష్టపోయారనే అంటాను.

అయినా ఎ380 పూర్తిగా పనికిరానిదైపోలేదు. లండన్ హీత్రూ వంటి చోట్ల కొత్త ల్యాండింగ్ స్లాట్లు (విమానం దిగడానికి కేటాయించే సమయాలు) దొరకడం చాలా కష్టం కనుక, ఒకే స్లాటులో ఎక్కువ మందిని చేర్చగల విమానానికి అక్కడ విలువ ఉంది. బోయింగ్ 2013లో ప్రకటించిన కొత్త పెద్ద విమానం 777ఎక్స్ రాక పదేపదే వాయిదా పడటంతో, 2020లో పక్కన పెట్టిన ఎ380లను లుఫ్తాన్సా, ఎతిహాద్ వంటి సంస్థలు మళ్లీ సర్వీసులోకి తెచ్చుకున్నాయి.